గుడ్డకు రంగు అంటేదాకా

1998 ఎండాకాలం. అప్పట్లో నా పాలిష్ షెడ్డు కొత్తగూడ నుంచి కొండాపూర్ పోయే రోడ్డు పక్కన ఉండేది. షెడ్డంటే పెద్దగా ఏమీ కాదు, నాలుగు ఇనుప పైపులు, పైన రేకులు, ఒక నీళ్ల డ్రమ్ము, కరెంటు ఉన్నప్పుడు తిరిగే ఒక బఫింగ్ మిషన్. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీల కోసం కడుతున్న గుండ్రటి భవనం పని చివరికొచ్చింది. దాని చుట్టుపక్కల బండలు పేల్చి ప్లాట్లు వేస్తున్నారు. రోజుకు రెండు మూడుసార్లు ఢామ్మని చప్పుడు వినిపించేది, కాసేపటికి సన్నటి రాతిపొడి వచ్చి అన్నిటి మీదా వాలేది. చాయ్ గ్లాసు మీద కూడా చెయ్యి అడ్డం పెట్టుకుని తాగేవాళ్లం.

నేను పెయింటర్‌ను కాను, సొట్టలు తీసే డెంటర్‌నూ కాను. పాలిష్ వాణ్ని. ఎండకు వెలిసి సున్నం కొట్టినట్టు తయారైన కారుకు మళ్లీ మెరుపు తెప్పించడం నా పని. అందుకు వాడేది రబ్బింగ్ కాంపౌండ్. చూడటానికి పేస్టులా ఉంటుంది, వేళ్ల మధ్య నలిపితే సన్నటి ఇసుకలా గరగరమంటుంది. దాంతో రుద్దితే పైన చచ్చిన పొర పోయి కింది తాజా రంగు బయటపడుతుంది. మేమేదో మెరుపు పూస్తామని జనం అనుకుంటారు. నిజానికి మేము పూసేది తక్కువ, తీసేదే ఎక్కువ.

ఈ విద్య నాకు బాలానగర్‌లో ఒక ఉస్తాద్ నేర్పాడు. ఆయన దగ్గర పదేళ్లు అంబాసిడర్లు, ఫియట్లు, ఫ్యాక్టరీల బస్సులు రుద్దాను. ఆయనకు ఒకటే సూత్రం. "గుడ్డకు రంగు అంటేదాకా రుద్దు. రంగు రాలేదంటే నువ్వు కారును నిమురుతున్నవ్ బేటా, రుద్దుతలేవ్." ఎర్ర కారుకు గుడ్డ ఎర్రగా, నీలం కారుకు నీలంగా రావాలి. వచ్చిందంటే చచ్చిన పొర తెగినట్టు, ఇక చెయ్యి తేలిక చెయ్యాలి. పాత కార్ల విషయంలో అది నూటికి నూరుపాళ్లు నిజం. ఆ సూత్రంతోనే నేను సొంత షెడ్డు పెట్టుకున్నాను, నాలుగు కాలనీల్లో పాలిష్ సత్తయ్య అని పేరు తెచ్చుకున్నాను. అప్పటికి ఉస్తాద్ కాలం చేసి రెండేళ్లయింది.

ఆ ఏప్రిల్‌లో ఒక పొద్దున నర్సింలు ఒక కొత్త కారు తెచ్చాడు. నర్సింలుది హఫీజ్‌పేట్, మా బస్తీ పక్కనే. ఓబులేసు గారని ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ప్లాట్ల వ్యాపారి దగ్గర డ్రైవర్. మనిషి మెతక, పని మీద మాత్రం ప్రాణం. కారు ముదురాకుపచ్చ రంగు, మెటాలిక్. మెటాలిక్ అంటే రంగులో అల్యూమినియం పొడి కలిసి ఉంటుంది, ఎండలో పెడితే లోపల్నుంచి తళుకుమంటుంది. కారు కొని ఏడాది కాలేదు. కానీ ఎండలో చూస్తే బానెట్ నిండా సాలెగూడులా గీతలు.

"నీ చేతులు పడిపోను, దేంతోని తుడుస్తున్నవ్ దీన్ని?" అన్నాను.

"మెత్తటి బట్టతోనే అన్నా. పొద్దున్నే ఒకసారి, సార్ ఎక్కే ముందట ఒకసారి. దుమ్ము కనవడొద్దంటడు సార్."

"నీళ్లు పోస్తవా, పొడిబట్టనేనా?"

"సైట్ల కాడ నీళ్లు యాడియన్నా? పొడిబట్టనే."

ఆ దుమ్ము మట్టిదుమ్ము కాదు, రాతిపొడి. దాని మీద పొడిబట్ట వేసి రుద్దడమంటే రోజుకు రెండుసార్లు కారుకు గీతలు పెట్టడమే. పాపం, అతను శ్రద్ధ ఎక్కువై కారును పాడు చేశాడు. ఆ సంగతి నేను నొక్కి చెప్పేసరికి నర్సింలు ముఖం పాలిపోయింది.

"అన్నా, జర సాఫ్ చేసియ్యి. సార్ చూసి గరమైతుండు. నాకు ముందట పని ఉంది సార్‌తోని" అన్నాడు.

ఆ పని ఏమిటో చెప్పాడు. ఆ గుండ్రటి భవనంలోకి వస్తున్న ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ తన బండ్లకు సొంత డ్రైవర్లను తీసుకుంటోంది. నెల జీతం, పీఎఫ్, యూనిఫాం, ఇంటిల్లిపాదికీ దవాఖాన కార్డు. నర్సింలు భార్యకు ఆస్తమా, ఆ కార్డంటే అతనికి చాలా పెద్ద సంగతి. ఆ కంపెనీలో డ్రైవర్లను చూసుకునే ఆయన ఓబులేసు గారికి స్నేహితుడు. ఎవరైనా తెలిసినవాళ్లు పూచీ ఉంటేనే తీసుకుంటారట. ఓబులేసు గారు మాటిచ్చారు.

"ఫికర్ చెయ్యకు, అద్దం లెక్క చేసిస్త" అన్నాను.

రుద్దడం మొదలుపెట్టబోతుంటే నర్సింలు ఇంకో మాట అన్నాడు. "అన్నా, దీనికి మీద క్లియర్ కోట్ అని ఏందో ఉంటదట. షోరూమోళ్లు సార్‌కు చెప్తుంటె విన్న."

నేను ఆ పేరు వినకపోలేదు. కార్లమ్మేవాళ్ల గొప్పల్లో అదొకటి అనుకునేవాణ్ని. "వార్నిష్ లెక్కనో ఏందో ఉంటది తీ. నాకు చెప్తున్నవా పాలిష్ సంగతి?" అని నవ్వాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం నేను. అది ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గు లేదు, ఆ రోజు ఒప్పుకోలేదు.

ముందు సన్నరకం కాంపౌండ్‌తో చేత్తో రుద్దాను. గుడ్డ తెల్లగానే ఉంది. ఇంకాస్త ముతకరకం తీశాను. గుడ్డ తెల్లగానే ఉంది. కంపెనీ రంగు గట్టిది, తెగడం లేదు అనుకున్నాను. అప్పుడు వాటర్ పేపర్ తీశాను. అది నీళ్లలో తడిపి రుద్దే సన్నటి గరుకు కాగితం. బానెట్ మీద నుంచి పాలలాంటి తెల్లటి నీళ్లు కారాయి. కాంపౌండ్ కడుక్కుపోతోందనుకున్నాను. ఆ తర్వాత మిషన్ పెట్టాను. బానెట్‌కు రెండు పక్కలా పొడవునా ఒక మడత ఉంటుంది, గట్టు లాగా. మిషన్ ఆ గట్టు మీదికి వెళ్లగానే దాని గుడ్డ ప్యాడ్‌కు ఆకుపచ్చ అంటుకుంది.

"ఇగ వచ్చింది!" అని అరిచాను. నిజంగా సంతోషపడ్డాను. మధ్యాహ్నం దాకా చాకిరీ చేస్తే అప్పటికి ఉస్తాద్ మాట నిలబడింది. ఆ సంతోషంలో రెండో గట్టు మీద కూడా అదే ఆకుపచ్చ వచ్చేదాకా పట్టాను.

చివర్లో మైనం పాలిష్ రెండు పూతలు పూశాను. కారు మెరిసింది. గీత అన్నది లేదు. నర్సింలు బానెట్‌లో తన ముఖం చూసుకుని మీసం సర్దుకున్నాడు. ఓబులేసు గారు కూడా మర్నాడు అటుగా పోతూ కారు ఆపించి, అద్దం దించి "బాగా చేసినావప్పా" అన్నారు. ఆ వారమంతా వచ్చిన ప్రతివాడికీ ఆ కారు సంగతే చెప్పాను.

జూన్ మధ్యలో నర్సింలు మళ్లీ వచ్చాడు, ఒక బుధవారం. కారు దిగలేదు, స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. నేనే వెళ్లి చూశాను. బానెట్ రెండు గట్ల మీదా మెరుపు చచ్చి, చాక్‌పీస్ రాసినట్టు పాలిపోయిన చారలు. వాటి అంచుల వెంట సన్నగా తెల్లటి పొరలు లేస్తున్నాయి. గోటితో తాకితే ఒకటి రాలింది.

"ఏం చేసినవ్?" అన్నాను. నా నోట మొదట వచ్చింది ఆ మాటే.

నర్సింలు దిగి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "అన్నా, ఎవరికీ చెప్పకు. నీ పాలిష్ మెరుపు జర తగ్గినట్టు అనిపించింది. మా డ్రైవర్లందరు చేస్తరని నేను గూడ బకెట్ నీళ్లల్ల గింత కిరసనాయిలు కలిపి తుడిచిన. నాలుగైదుసార్లు. గదే తిన్నట్టుంది రంగును."

డ్రైవర్లలో అదొక అలవాటు. నీళ్లలో మూతెడు కిరసనాయిలు వేసి తుడిస్తే ఆ పూటకు కారు నిగనిగలాడుతుంది. నాకూ అదే కారణమేమో అనిపించింది. అనిపించాలని కూడా ఉంది.

"షోరూమోళ్లు చూసి, ఇది మా తప్పు కాదు, ఎవరో ఏందో చేసిండ్రు అన్నరట. సార్ నన్ను పట్టుకుండు, దేంతో కడిగినవ్ చెప్పు అని. శనివారం లోపల కంపెనీల పేరియ్యాలె అన్నా. ఇప్పుడైతే నా పేరు చెప్పనే చెప్పనంటుండు. నువ్వేమన్న చేసి గీ చారలు పోగొట్టు. నీకు దండం పెడ్త."

కారు అక్కడే ఉంచమని, నేను బాలానగర్ బస్సెక్కాను. అక్కడ నాకు కాంపౌండ్ అమ్మే పెయింట్ల కొట్టాయన ఉన్నారు, ఏలూరు మనిషి, కొత్త కొత్త రంగుల గురించి పుస్తకాలు తెప్పించుకుని చదివే రకం. సంగతి చెప్పాను. కిరసనాయిలు అని కూడా చెప్పాను. ఆయన లోపలికి వెళ్లి అరచేతి వెడల్పు రేకు ముక్క ఒకటి తెచ్చారు. దాని మీద మెటాలిక్ నీలం రంగు.

"దీన్ని వాటర్ పేపర్‌తో రుద్దండి. నీళ్లు వద్దు, పొడిగానే. కింద ఈ నల్లగుడ్డ పరవండి" అన్నారు.

రుద్దాను. నల్లగుడ్డ మీద తెల్లటి పొడి రాలింది.

"నీలం రంగు రేకు కదండీ. తెల్లపొడి ఎక్కణ్నుంచి వచ్చిందంటారు?"

ఆ పొడిని వేలితో తీసి చూశాను. ఆయన విడమరిచి చెప్పారు. పాత కార్లకు రంగే పైపొర. ఈ కొత్తవాటికి కింద పల్చటి రంగు, దాన్ని బేస్ కోట్ అంటారు. దాని మీద రంగులేని పొర, అదే క్లియర్ కోట్. మెరుపంతా దానిదే, ఎండావానలకు గొడుగు కూడా అదే. ఆ పొర మొత్తం కలిపినా మన తల వెంట్రుక మందం ఉండదు. గట్ల మీద, అంచుల మీద ఇంకా పల్చగా ఉంటుంది. గీతలు మాయం చెయ్యాలంటే ఆ పొరనే కొద్దిగా అరగదీస్తాం. అది రంగులేనిది కాబట్టి గుడ్డకు ఏమీ అంటదు.

"గుడ్డకు రంగు అంటిందంటే ఇక పైన ఏమీ మిగల్లేదన్నమాటండీ. మైనం పూస్తే నాలుగు వారాలు దాగుతుంది, తర్వాత ఎండ పని ఎండ చేస్తుంది. కిరసనాయిలుకు అంత సీను లేదండీ."

గుడ్డ తెల్లగా ఉన్నంతసేపూ నేను పొర తీస్తూనే ఉన్నాను. పాలలాంటి ఆ నీళ్లు కాంపౌండ్ కాదు, ఓబులేసు గారి కారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. ఆ ఎండాకాలంలో అలాంటివే ఇంకో రెండు కార్లకు కూడా అదే వైద్యం చేశాను. వాటి యజమానులెవరో, వాళ్లు ఎవరిని తిట్టుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

సాయంత్రం షెడ్డుకు తిరిగొచ్చేసరికి నర్సింలు డ్రమ్ము పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. "ఏమన్నరన్నా? కిరసనాయిలేనా?" అన్నాడు.

"చూడాలె" అన్నాను. ఆ ఒక్క మాటే అన్నాను. "బండి తీస్కపో. నేను జెప్త."

గురువారం వెళ్లి ఓబులేసు గారికి చెప్పాలనుకున్నాను. ఆ రోజు ఇద్దరు కొత్త గిరాకీలు వచ్చారు, పాలిష్ సత్తయ్య అంటే మీరేనా అని అడుగుతూ. శుక్రవారం, ముందు ఆ బానెట్‌కు రంగు వేసే మంచి పెయింటర్‌ను వెతికి, తప్పుతో పాటు దాని మందు కూడా పట్టుకుని వెళ్తే బాగుంటుందనుకున్నాను. శనివారం, ఈపాటికి ఆయన కోపం చల్లారి పేరు ఇచ్చేసే ఉంటారులే అనుకున్నాను. మనసుకు సాకులు దొరకనిదెప్పుడు? శనివారం అంటే ఏమిటో నాకు తెలుసు. తెలిసే కూర్చున్నాను.

ఆదివారం పొద్దున నర్సింలు నడుచుకుంటూ వచ్చాడు. చేతిలో కారు తాళాలు లేవు.

"అయిపోయిందన్నా" అన్నాడు మామూలుగా. "నిన్న నేనే పోయి చెప్పిన సార్‌కు, కిరసనాయిలు సంగతి. ఎన్ని దినాలు దాచాలె? మనసు ఊకుంటలేదు. ఇగ రావద్దన్నడు. కంపెనీకి ఇంకొకని పేరు చెప్పిండట."

చెయ్యని తప్పును అతను ఒప్పుకుని వచ్చాడు. చేసినవాణ్ని నేను షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చున్నాను. నా జన్మలో అంత సిగ్గుపడింది లేదు. లేచి చొక్కా వేసుకుని "నడువ్" అన్నాను.

"యాడికి?"

"మీ సార్ ఇంటికి."

ఓబులేసు గారి ఇల్లు మియాపూర్‌లో. వరండాలో కూర్చుని పేపరు చదువుతున్నారు. నర్సింలును చూడగానే ఆయన ముఖం మాడింది. నేను చెప్పుల దగ్గరే నిలబడి చెప్పాను. "సార్, కారు ఖరాబ్ చేసింది నర్సింలు కాదు, నేను. పైపొర మొత్తం నా మిషన్ తోని తీసేసిన."

ఆయన పేపరు మడిచారు. "నిన్న ఈయప్ప వచ్చి కిరసనాయిలు నేనే కలిపినా అన్నాడు. ఈ పొద్దు నువ్వొచ్చి నేను అంటాండావు. ఇద్దరూ మాట్లాడుకోని వచ్చినారా ఏంది?"

"కాద్సార్."

"మరి నీకు తెలీకుండానే రుద్దినావా?"

"తెలుసనుకోని రుద్దిన సార్."

ఆయన నమ్మలేదు. నర్సింలు నన్ను బతిమాలి తెచ్చుకున్నాడనే అనుకున్నారు. మాటలతో పని కాదని అర్థమై, "ఇంట్ల కిరసనాయిలు ఉందా సార్?" అన్నాను. వంటింట్లో స్టవ్ కోసం ఉంచిన సీసా తెప్పించారు. కారు ఎండలోనే ఉంది. డిక్కీ మూత మీద నేను అంత గట్టిగా రుద్దలేదు, అక్కడ పొర బాగానే ఉంది. ఒక గుడ్డను నీళ్లు కలపని కిరసనాయిలులో ముంచి ఆ మూత మీద పరిచాను. ఆరకుండా మధ్యమధ్యలో పోస్తూ గంటసేపు ఉంచాను. ముగ్గురం అక్కడే నిలబడ్డాం. నర్సింలు రెండుసార్లు చెయ్యి చాపి గుడ్డ తీసెయ్యబోయాడు, కారుకు ఏమన్నా అవుతుందేమోనని. అతను ఆ ఇంట్లో నౌకరీ పోయినవాడు.

గంట తర్వాత గుడ్డ తీసి, సబ్బునీళ్లతో కడిగి తుడిచాను. డిక్కీ మూత ఎలా ఉన్నది అలాగే ఉంది. ఓబులేసు గారు వేలితో రాసి చూశారు, వంగి పక్క నుంచి చూశారు. ముందుకు వెళ్లి బానెట్ గట్లు చూశారు. తర్వాత నావైపు తిరిగారు.

"ఈ సంగతి నీకెప్పుడు తెలిసింది?"

నర్సింలు నా పక్కనే ఉన్నాడు.

"నిన్న రాత్రే సార్" అన్నాను.

ఆయన చాలాసేపు నన్ను తిట్టారు. అవి ఇక్కడ రాయను, అన్నీ న్యాయమైనవే. తిట్టడం అయ్యాక నర్సింలును పిలిచి తాళాలు చేతిలో పెట్టారు. "ముందే విచారించల్ల, నాదీ తొందరపాటే" అన్నారు. నా ఎదుటే స్నేహితుడికి ఫోన్ చేశారు. అవతల మాట వింటూ తల ఊపి పెట్టేశారు. జాబితా శనివారం సాయంత్రమే వెళ్లిపోయిందట, మళ్లీ ఎప్పుడు తీసుకుంటారో తెలియదట. తర్వాతి వారం బాలానగర్‌లో ఒక మంచి పెయింటర్‌ను పట్టుకుని ఆ బానెట్ మొత్తానికి బేస్, క్లియర్ నేనే వేయించాను. రంగు కలిసింది. చేతులు కాలాక ఆకులు బాగానే దొరుకుతాయి.

ఆ ఆదివారం ఓబులేసు గారి ఇంటి నుంచి తిరిగి వస్తుంటే నర్సింలు దారిలో ఆగాడు. కంపెనీ నౌకరీ గురించి ఏమన్నా అంటాడనుకుని గుండె దిటవు చేసుకున్నాను.

"అయితే కిరసనాయిలు కాదన్నట్టే గద అన్నా?" అన్నాడు. "నా చేతులతోనే ఖరాబ్ చేసిన్నని నాలుగు దినాల సంది అన్నం సైస్తలేదు."

ఆ రోజు నుంచి నా పని పద్ధతి మారింది. కారు వస్తే ముందు నీళ్లు పోసి రాతిపొడి పోయేదాకా కడుగుతాను. గట్లకు, అంచులకు టేప్ అంటించి మూసేస్తాను. సన్నరకంతో మొదలుపెట్టి ఎండలో రెండుసార్లు చూస్తాను. గోరు పెడితే తగిలేంత లోతు గీతను ముట్టుకోను. "దీన్ని కూడా తీసెయ్ సత్తయ్యా" అంటే, "ఉండనియ్యండి సార్, గీత ఉంటే కారుకేం కాదు, పొర పోతేనే పోయినట్టు" అంటాను. కొందరు పని రాదని వేరే షెడ్డుకు పోతారు. పోనీ. ఉస్తాద్‌ది తప్పని కూడా నేను అనను. ఆయన సూత్రం ఆయన కార్లకు సరైనదే. కారు మారిందని నర్సింలు చెప్తే నేను వినలేదు.

నర్సింలు మరో ఆరేళ్లు ఓబులేసు గారి దగ్గరే చేశాడు. తర్వాత సొంతంగా క్యాబ్ కొనుక్కుని ఐటీ కంపెనీలకు తిప్పాడు. ఇప్పటికీ ఏడాదికోసారి నా దగ్గరికే తెస్తాడు, తోటి డ్రైవర్లనూ వెంటబెట్టుకుని వస్తాడు. వాళ్లకు నన్ను చూపించి ప్రతిసారీ ఒకటే చెప్తాడు. "మా సత్తన్న తప్పు చేస్తే తనే చెప్తడు. రాత్రి తెలిస్తె పొద్దుగాల్ల వచ్చి చెప్పిండు." ఆ మాట అన్నప్పుడల్లా నేను ఏదో ఒక గుడ్డ తీసుకుని తుడవడానికి అటు తిరుగుతాను.

రాత్రి తెలియలేదు నర్సింలూ. బుధవారం మధ్యాహ్నం తెలిసింది. నువ్వు డ్రమ్ము పక్కన కూర్చుని కిరసనాయిలేనా అని అడిగినప్పుడు నాకు తెలుసు.